డబ్బా ఎవరు తెస్తారు?

పల్లెటూళ్లలో ఎవరి ఒంట్లోకైనా పురుగుమందు వెళ్లిందని తెలిస్తే పెద్దవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటుంది. 'ఆటో పిలవండి... ఆ మందుడబ్బా కూడా పట్టుకెళ్లండి!' ఆసుపత్రిలో డాక్టరు అడిగేదీ అదే. డబ్బా మీద పేరు చూస్తే చాలు. లోపలికి వెళ్లింది ఏ రకం విషమో, దానికి విరుగుడు ఉందో లేదో, ఎన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలో తెలిసిపోతుంది. సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.

మరి ఒక మనిషి కాకుండా ఊరు ఊరంతా విషం పీలిస్తే? అదీ మంచి నిద్రలో ఉన్నప్పుడు? కళ్లు మండుతూ, ఊపిరాడక వందలమంది ఒక్కసారిగా ఆసుపత్రి గుమ్మం ముందు వాలితే? వాళ్లు పీల్చింది ఏమిటో వాళ్లకే తెలియదు. అప్పుడు డబ్బా ఎవరు తెస్తారు?

రసాయన ప్రమాదాలను ఎదుర్కోవడానికి ప్రజారోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. శిక్షణ అనగానే తల నుంచి కాలిదాకా కప్పే సూటు, వీపున గాలి సిలిండరు గుర్తొస్తాయి. కానీ ఆ సూట్లవాళ్లు వచ్చేసరికే జరగాల్సిన నష్టంలో చాలా భాగం జరిగిపోయి ఉంటుంది. మొదటి గంటలో అక్కడుండేది నైట్‌డ్యూటీ నర్సు, పీహెచ్‌సీ డాక్టరు, 108 టెక్నీషియన్‌, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త. వాళ్లకు ఏం తెలుసన్నదాని మీదే ఎన్నో ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

భోపాల్‌... పేరు దొరకని విషం

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి. భోపాల్‌లోని యూనియన్‌ కార్బైడ్‌ పురుగుమందుల కర్మాగారం ట్యాంకులోంచి దాదాపు 40 టన్నుల మిథైల్‌ ఐసోసైనేట్‌ బయటికొచ్చింది. కాసేపటికే హమీదియా ఆసుపత్రి ఆవరణ జనంతో నిండిపోయింది. డ్యూటీలో ఉన్న డాక్టర్లకు ఆ గ్యాసు ఏమిటో తెలియదు. కర్మాగారం వైద్యాధికారిని అడిగితే, టియర్‌గ్యాస్‌ లాంటిదే, కళ్లు నీళ్లతో కడిగితే సరిపోతుందన్న సమాధానం వచ్చింది. వాళ్ల కళ్లముందేమో జనం ప్రాణాలు పోతున్నాయి.

ఆ రాత్రి జనానికి సైరన్‌ సరిగ్గా వినిపించలేదు. కాస్త మోగి ఆగిపోయింది. ఊపిరాడక లేచినవాళ్లు దిక్కు తోచక పరుగెత్తారు. పరుగెత్తేకొద్దీ ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతోపాటే లోపలికి వెళ్లే విషమూ పెరుగుతుంది. ఈ గ్యాసు నీటితో చర్య జరుపుతుంది కాబట్టి ముక్కుకీ నోటికీ తడిగుడ్డ అడ్డం పెట్టుకున్నా తీవ్రత కొంత తగ్గేది. ఆ చిన్న మాట చెప్పేవాళ్లే లేకపోయారు. మధ్యప్రదేశ్‌ ప్రభుత్వం ధ్రువీకరించిన మరణాలే 3,787. అసలు సంఖ్య అంతకు ఎన్నో రెట్లని బాధితుల సంఘాలు చెబుతూనే ఉన్నాయి.

విశాఖ... మోగని సైరన్‌

ముప్ఫై అయిదేళ్లు దాటాక, 2020 మే 7. కరోనా లాక్‌డౌన్‌ రోజులు. తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖలోని ఆర్‌.ఆర్‌.వెంకటాపురం నిద్రలో ఉంది. పక్కనే ఉన్న ఎల్‌జీ పాలిమర్స్‌ ట్యాంకులో స్టైరిన్‌ వేడెక్కి ఆవిరై బయటికొచ్చింది. గాలికంటే మూడున్నర రెట్లు బరువైన ఆవిరి అది. పొగలా పైకి పోదు. నేలను పట్టుకుని వీధుల్లోకి, ఇళ్లలోకి పాకుతుంది. బయటికి పరుగెత్తినవాళ్లు పరుగెత్తినచోటే స్పృహ తప్పి పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందలమంది కేజీహెచ్‌తో పాటు ఇతర ఆసుపత్రుల్లో చేరారు.

తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఒక సంగతి తేల్చింది. ప్లాంటులో 36 చోట్ల సైరన్‌ మోగించే ఏర్పాటు ఉంది. అయినా సైరన్‌ మోగలేదు!

భోపాల్‌కీ విశాఖకీ ఒక తేడా ఉంది. విశాఖలో తెల్లారేసరికి విషం పేరు బయటికొచ్చింది. స్టైరిన్‌కి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆక్సిజన్‌ పెట్టి, ఊపిరి నిలబెట్టి, కనిపెట్టుకుని ఉండాలి. విరుగుడు లేదని తెలియడం కూడా వైద్యమే. లేని మందు కోసం వెతుకుతూ కూర్చోకుండా ఉన్న ఆక్సిజన్‌ని అవసరమైనవాళ్లకు ముందుగా అందించొచ్చు.

టోక్యో... ఒక ఫోన్‌కాల్‌

ఆసుపత్రులకు అన్నిటికంటే పెద్ద పాఠం నేర్పిన ఘటన జపాన్‌లో జరిగింది. 1995 మార్చి 20 ఉదయం టోక్యో భూగర్భ రైళ్లలో ఓమ్‌ షిన్రిక్యో ముఠా సారిన్‌ అనే విషరసాయనాన్ని వదిలింది. అయిదువేల మందికి పైగా వైద్యం కోసం వచ్చారు. అందులో ఎక్కువమంది అంబులెన్సుల్లో రాలేదు. నడుచుకుంటూ, టాక్సీలు పట్టుకుని, దారిన పోయే కార్లు ఎక్కి వచ్చారు. ఒక్క సెయింట్‌ ల్యూక్స్‌ ఆసుపత్రికే ఆ రోజు 640 మంది!

ఆ ఆసుపత్రి ఒక రకంగా సిద్ధంగానే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడుల నాడు రోగులకు చోటు చాలని అనుభవం అధిపతి షిగెయాకి హినోహరాకి గుర్తుంది. అందుకే కొత్త భవనం కట్టేటప్పుడు నడవాల్లో, ప్రార్థనామందిరంలో కూడా ఆక్సిజన్‌ గొట్టాలు పెట్టించారు. ఆ రోజు అవన్నీ పనికొచ్చాయి. అయితే ఒక్కటి మరిచారు. రోగుల దుస్తులు మార్పించకుండానే లోపలికి తీసుకున్నారు. వాటికి అంటిన సారిన్‌ గాలి సరిగ్గా ఆడని గదుల్లో మెల్లగా ఆవిరైంది. తర్వాత జరిపిన సర్వేలో జవాబిచ్చిన సిబ్బందిలో 23 శాతం మంది తమకూ విషలక్షణాలు కనిపించాయని చెప్పారు. వైద్యం చేసేవాళ్లే రోగులయ్యారు.

పేరు విషయంలోనూ అంతే. మొదట్లో అగ్నిమాపక శాఖ నుంచి అందిన సమాచారం ప్రకారం అది అసిటోనైట్రైల్‌ అనే వేరే రసాయనం. అది సారిన్‌ అని పోలీసులు ప్రకటించేసరికి దాదాపు మూడు గంటలు గడిచాయి. ఈలోగా ఒక ఫోన్‌ వచ్చింది. అంతకు ముందు ఏడాది జూన్‌లో మట్సుమోటో పట్టణంలో ఇదే ముఠా సారిన్‌ వదిలినప్పుడు బాధితులకు వైద్యం చేసిన వైద్యుడు టీవీలో వార్త చూశారు. ఆ లక్షణాలు ఎక్కడో చూసినట్టే ఉన్నాయనుకుని టోక్యో ఆసుపత్రులకు స్వయంగా ఫోన్‌ చేసి చెప్పారు. ఒకరి అనుభవం వందలమందికి అక్కరకొచ్చింది. శిక్షణ అంటే అదే. ప్రమాదం చూసినవాళ్ల అనుభవాన్ని చూడనివాళ్లకు ముందుగానే అందించడం.

ఏం నేర్పుతారు?

మొదటి పాఠం వినడానికి కటువుగా ఉంటుంది. పరుగెత్తుకెళ్లి కాపాడకు! మన ఊళ్లలో సెప్టిక్‌ ట్యాంకుల దగ్గర జరిగే విషాదాలు చూస్తే దీని అర్థం తెలుస్తుంది. లోపలికి దిగినవాడు పడిపోతాడు. అతన్ని లాగడానికి తమ్ముడు దిగుతాడు. వాళ్లిద్దరి కోసం పక్కింటి కుర్రాడు దిగుతాడు. అక్కడ ఉండే హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ కొంచెమైతే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. 'ఇప్పుడు వాసన రావట్లేదు కదా' అని దిగినవాడే మొదట పడిపోతాడు. అందుకే శిక్షణలో ముందు గీత గీయడం నేర్పుతారు. విషం ఉన్నచోటు హాట్‌ జోన్‌. రక్షణ దుస్తులు లేనిదే అక్కడ అడుగు పెట్టకూడదు. దాని వెలుపల బాధితుల్ని శుభ్రం చేసే వార్మ్‌ జోన్‌. ఆ తర్వాత, గాలి వచ్చే వైపున, వైద్యం చేసే కోల్డ్‌ జోన్‌.

రెండో పాఠం దుస్తులు. రసాయనం ద్రవంగానో పొడిగానో ఒంటిమీద పడినప్పుడు బట్టలు విప్పిస్తే 80, 90 శాతం దాకా పోతుందని శిక్షణ పాఠాలు చెబుతాయి. తర్వాత ధారాళంగా నీళ్లు. దీనికి ఖరీదైన యంత్రాలేం అక్కర్లేదు. ఆసుపత్రి గేటు దగ్గర ఒక నీటిగొట్టం, నాలుగు పరదాలు, దుప్పట్లు, ప్లాస్టిక్‌ సంచులు ఉంటే చాలు. కానీ అర్ధరాత్రి వీధిలో చీర విప్పమంటే ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది? మెడలోని మంగళసూత్రం తీసి సంచిలో వేయమంటే? వాళ్లకు నచ్చజెప్పే మాట, ఆడవాళ్లకు విడిగా పరదా, ఎవరి వస్తువులు వాళ్లకు తిరిగి దక్కేలా సంచి మీద పేరు... ఇవన్నీ ముందుగా సాధన చేయాల్సినవే. ప్రమాదం జరిగిన రాత్రి ఆలోచించి చేసేవి కావు.

మూడోది, పేరు తెలియనప్పుడు లక్షణాలను బట్టి విషాన్ని పట్టుకోవడం. కంటిపాపలు సూదిమొనంత అయిపోయి, నోట్లో చొంగ, ఒళ్లంతా చెమటలు, ఊపిరాడకపోతే ఒక జాతి విషం. కళ్లు, గొంతు మండుతూ దగ్గు తెరలుతెరలుగా వస్తే క్లోరిన్‌, అమ్మోనియా లాంటివి. ఉన్నట్టుండి కుప్పకూలిపోతే సయనైడ్‌నో హైడ్రోజన్‌ సల్ఫైడ్‌నో అనుమానించాలి. ఇక ఫాస్జీన్‌ లాంటివి దొంగదెబ్బ తీస్తాయి. మొదట మనిషి బాగానే ఉంటాడు. గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. 'బాగానే ఉన్నావుగా, ఇంటికి వెళ్లు' అని పంపకూడదన్నది అక్కడ నేర్చుకోవాల్సిన పాఠం.

అమెరికాలోని అలబామా రాష్ట్రం యానిస్టన్‌లో 1998లో ఒక పాత సైనిక స్థావరాన్ని ఇలాంటి శిక్షణ కేంద్రంగా మార్చారు. సైనిక ఆసుపత్రి భవనాన్ని డాక్టర్లు, నర్సులు సాధన చేసే ఆసుపత్రిగా తీర్చిదిద్దారు. అక్కడ రోగులు నటులు, ఆపద ఉత్తుత్తిది. పరుగులు, గందరగోళం మాత్రం అసలైనవే. రక్షణ దుస్తులేసుకుని సెలైన్‌ సూది గుచ్చడం ఎంత కష్టమో పుస్తకం చదివితే తెలియదు. చెమటలు కారుతూ, మందపాటి గ్లౌజులతో గుచ్చితేనే తెలుస్తుంది.

మనవాళ్లకు సగం తెలుసు

ఈ విద్యలో తెలుగునాట డాక్టర్లు మరీ వెనకబడినవాళ్లేం కాదు. గుంటూరులోనో వరంగల్‌లోనో ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసినవాళ్లు పురుగుమందు కేసులు చూడకుండా ఉండరు. సూదిమొనంత కంటిపాపలు, చొంగ, చెమటలు... ఆర్గానోఫాస్ఫరస్‌ పురుగుమందుల లక్షణాలు అవే. సారిన్‌ లక్షణాలూ అవే! రెండూ ఒక జాతివే మరి. సారిన్‌ కూడా 1938లో జర్మనీలో పురుగుమందుల పరిశోధనలోనే పుట్టింది. అట్రోపిన్‌, ప్రాలిడాక్సిమ్‌ మందులు రెండింటికీ పనికొస్తాయి. ఒక్క రోగికి ఎలా ఇవ్వాలో మన నర్సులకు కొట్టినపిండి. ఒకేసారి రెండొందల మంది వస్తే ఎవరికి ముందు ఇవ్వాలి, స్టాకు ఎక్కడ ఉంటుంది, పక్క జిల్లా నుంచి ఎంతసేపట్లో తెప్పించొచ్చు అన్నదే నేర్చుకోవాలి.

మన చుట్టూ ఉన్న రసాయనాలూ కొత్తవేం కాదు. మంచినీటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్‌. కోల్డ్‌స్టోరేజీల్లో, ఐస్‌ ఫ్యాక్టరీల్లో, తీరం వెంబడి రొయ్యల శుద్ధి కేంద్రాల్లో అమ్మోనియా. రోడ్డు మీద ఎల్‌పీజీ ట్యాంకర్లు. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్‌ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ అంటుకుని దాదాపు 60 మంది బలయ్యారు. రసాయన ప్రమాదం అనేది ఎక్కడో జరిగేది కాదు.

గ్యాసు పోయాక అసలు పని

గాలి శుభ్రపడి, కెమెరాలు వెళ్లిపోయాక ప్రజారోగ్య సిబ్బందికి రెండో డ్యూటీ మొదలవుతుంది. బావినీళ్లు తాగొచ్చా? పెరట్లో తోటకూర కోసుకోవచ్చా? గేదె పాలు పిల్లలకు పట్టొచ్చా? గర్భిణికి ఏమైనా అవుతుందా? ఈ ప్రశ్నలన్నీ కలెక్టరుకి రావు. వీధిలో తిరిగే ఏఎన్‌ఎంకి వస్తాయి. ఆమెకు తెలియకపోతే పుకారే సమాధానం అవుతుంది.

మరో పని పుస్తకం రాయడం. ఎవరు ఎక్కడున్నారు, ఎంతసేపు పీల్చారు, ఏ లక్షణాలు కనిపించాయి... మొదటి రోజుల్లో ఇంటింటికీ తిరిగి రాసిపెడితేనే పదేళ్ల తర్వాత వచ్చిన ఆయాసానికి కారణం చెప్పగలరు. భోపాల్‌ బాధితుల ఆరోగ్యాన్ని భారత వైద్య పరిశోధన మండలి 1985 నుంచి 1994 దాకా గమనించింది. గ్యాసు ఆ రాత్రితో పోలేదనీ, ఊపిరితిత్తులనూ కళ్లనూ ఏళ్లతరబడి పట్టి పీడించిందనీ లోకానికి తెలిసింది అలాంటి లెక్కల వల్లే. పరిహారం కోసం కోర్టు మెట్లెక్కే పేదవాడికి ఆ నోటుపుస్తకమే సాక్ష్యం.

చట్టంలో ఉంది... మరి ఊళ్లో?

నిజానికి 'డబ్బా ఎవరు తెస్తారు' అన్న ప్రశ్నకు భోపాల్‌ తర్వాత చట్టమే జవాబు చెప్పింది. ప్రమాదకర రసాయనాలపై 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం పెద్దయెత్తున ప్రమాదం తెచ్చిపెట్టగల కర్మాగారం తన దగ్గర ఏ రసాయనం ఎంత ఉందో అధికారులకు చెప్పి తీరాలి. లోపల జరిగే ప్రమాదానికి యాజమాన్యం, బయటికి పాకే ప్రమాదానికి జిల్లా యంత్రాంగం ముందుగానే ప్రణాళిక రాసుకోవాలి. కర్మాగారం లోపల ఆరు నెలలకోసారి, బయట ఏడాదికోసారి మాక్‌డ్రిల్‌ జరపాలి. 1996 నిబంధనలతో కేంద్రం నుంచి స్థానిక స్థాయి దాకా సంక్షోభ నివారణ బృందాలు రావాల్సి ఉంది. రసాయన విపత్తులపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు వైద్యసిబ్బంది శిక్షణ గురించీ చెప్పాయి.

కాగితం మీద లోటేం లేదు. లోటల్లా ఆ కాగితం రాత్రిడ్యూటీ నర్సు బల్ల మీదికి రాకపోవడమే. మాక్‌డ్రిల్‌ అంటే ఎలా ఉంటుంది? ముందుగా తేదీ చెప్పి, పగటిపూట, ఫ్యాక్టరీ గేటు ముందు, అధికారులు వచ్చాక జరిపితే అది నాటకమే అవుతుంది. భోపాల్‌లో గ్యాసు అర్ధరాత్రి వచ్చింది. విశాఖలో తెల్లవారుజామున వచ్చింది. డ్రిల్‌ కూడా ఏ రాత్రి రెండింటికో, చెప్పాపెట్టకుండా, ఆసుపత్రి గేటు దగ్గర జరిగితేనే లోపాలు బయటపడతాయి. పరదాలున్న బీరువా తాళం ఎవరి దగ్గరుందో, ఫ్యాక్టరీకి ఫోన్‌ చేస్తే ఎవరైనా ఎత్తుతారో లేదో అప్పుడే తెలుస్తుంది. పోయేది ఒక రాత్రి నిద్ర మాత్రమే.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి

* ఘాటైన వాసనతో కళ్లు మండితే గుంపుగా పరుగెత్తొద్దు. ఇంట్లోనే ఉండగలిగితే తలుపులు, కిటికీలు మూసి, ఏసీలు, ఎగ్జాస్ట్‌ ఫ్యాన్లు ఆపేయాలి. సందుల్లో తడిబట్టలు కుక్కాలి. క్లోరిన్‌, స్టైరిన్‌ లాంటివి బరువైనవి కాబట్టి పై అంతస్తు మేలు. ఖాళీ చేయమని అధికారులు చెబితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

* బయట ఉంటే గాలి వాలున పరుగెత్తకూడదు. జెండానో చెట్టుకొమ్మనో చూసి గాలి ఎటు వీస్తుందో గమనించి, దానికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకోవాలి.

* వంటగ్యాసు ట్యాంకర్‌ లీకైతే దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు, బండి స్టార్ట్‌ చేయొద్దు.

* రసాయనం మీద పడితే బట్టలు తలమీదుగా లాగకుండా, కత్తిరించైనా తీసేయాలి. ధారగా నీళ్లు పోయాలి. ఆసుపత్రి సిబ్బంది గుమ్మం బయటే ఆపి బట్టలు మార్చమంటే కోప్పడొద్దు. అది మీకోసమే, లోపలున్న రోగుల కోసమూ.

* రోడ్డు మీద ట్యాంకర్‌ బోల్తాపడితే దగ్గరికి వెళ్లకుండానే దాని మీద రాసిన నాలుగంకెల సంఖ్య చూడండి. 1005 అంటే అమ్మోనియా, 1017 క్లోరిన్‌, 1075 ఎల్‌పీజీ, 2055 స్టైరిన్‌. 108కో 112కో ఫోన్‌ చేసినప్పుడు ఆ అంకె చెప్పండి. విషం పేరు చెప్పినట్టే.

* ఫ్యాక్టరీ పక్కన కాపురం ఉండేవాళ్లకు లోపలున్న ప్రమాదం ఎలాంటిదో, అప్పుడేం చేయాలో ముందే తెలియజేయాలని 1989 నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి గ్రామసభలోనో వార్డు సమావేశంలోనో లేచి నిలబడి అడగొచ్చు. 'మా పక్కనున్న ట్యాంకులో ఏముంది? అది లీకైతే మా పీహెచ్‌సీ డాక్టరమ్మకు ఏం చేయాలో ఎవరైనా నేర్పారా?' ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా అడుగుతూనే ఉండాలి.